షడ్డకుని వ్యాను కన్నా జానెడు పొడుగు

ముప్పై ఆరేండ్లు వచ్చేదాకా నాకు కుళ్లుకోవడమంటే ఏందో తెల్వదు. నేను మంచోణ్ని కాబట్టి తెల్వదనుకునేరు. అదేం కాదు. నా చుట్టూ ఉన్నోళ్ల దగ్గర నాకు లేనిదంటూ ఏదీ లేకుండె, అంతే. అందరికీ తలా ఒక స్కూటరు, అందరికీ రెండు అర్రల కిరాయి ఇల్లు, అందరి నెత్తి మీదా పాలమూరు జిల్లా ఎండ. ఇంక ఎవరిని చూసి ఏడ్వాలె?

తొంభైల మొదట్లో సంగతి. జడ్చర్ల హైస్కూల్లో లెక్కల సారును. ఇంట్లో నేను, మా ఆవిడ, రెండు కుక్కలు. పెద్దది తెల్లది. ఎంత పెద్దదంటే గడప మీద తల పెట్టి పండుకుంటే దాని తోక వంటింట్లో పోపు డబ్బాకు తగిలేది. సంతోషమైతే మాత్రం తోక ఊపొద్దని మా ఆవిడ బతిమాలేది, గూట్లో గ్లాసులు మిగలవని. చిన్నది గోధుమ రంగుది, చెప్పుల జోడంత ఉంటది. గాని అది మొరిగితే చౌరస్తాలో హైదరాబాదు లారీలు కర్నూలు దిక్కు తిరిగేటివి.

ఆదివారం వస్తే ఆత్మకూరు దిక్కు కృష్ణ ఒడ్డుకు చేపలకు పోయేటోళ్లం. చిన్నది స్కూటరు ముందట నిలబడేది. పెద్దది వెనక సీటు మీద కూర్చోని ముందు కాళ్లు నా భుజాల మీద వేసేది. గాలం కర్రలు అడ్డంగా కట్టేటోణ్ని, ఎదురొచ్చే బస్సులే రోడ్డు దిగేటివి. ముప్పై చేపలు పడ్డ రోజులున్నయి. మా ఆవిడను అడిగితే మూడంటది, ఆమెకు లెక్కలు రావు. చేపల సంగతి ఎట్లున్నా, దారి పొడుగునా నా చెవిలో పడే ఆ పెద్దదాని ఊపిరి ఉంది చూడండి, దానికోసమే నేను వారమంతా పిల్లలకు భిన్నాలు చెప్పేది.

అట్లాంటి టైములో మా షడ్డకుడు వ్యాను కొన్నడు. షడ్డకుడంటే మా ఆవిడ అక్క మొగుడు. అదే ఊర్లో ఆయనకు విత్తనాల దుకాణం. నాకంటే నాలుగేండ్లు పెద్ద, నాకంటే నాలుగు వేళ్లు పొడుగు, ఇంక వ్యాను కూడానా! నీలం రంగుది. పక్క తలుపు తోస్తే జర్రున జారేది. లోపల సోఫాలు, కిటికీలకు పూల తెరలు, గాలికి రెండు ఫంకలు. మా అత్తగారింట్లో కూడా అన్ని ఫంకలు లేవు.

మొదటి ఆదివారమే మా వాకిట్లో హారన్ కొట్టిండు.

"తమ్మీ, మూగజీవాల్ని గట్ల స్కూటర్ మీద సర్కస్ చేపిస్తవేంది? నా బండ్ల ఎక్కియ్యి. నేను గూడ చేపలకు వస్త."

"నీకు చేపలు పట్టుడు ఎప్పటిసంది అన్నా?"

"నిన్నటిసంది."

నేను వద్దనేలోపే పెద్దది ఎక్కి వెనక సీటు మీద, కిటికీ పక్కన, పెండ్లికొడుకు లెక్క కూర్చుంది. నది దాకా తల బయట పెట్టి గాలి తాగుతనే ఉంది. ఒక్కసారి కూడా నా దిక్కు తిరగలే. సాయంత్రం ఇంటి ముందర దింపబోతే దిగలే. షడ్డకుడు నవ్వుకుంట "మేక కార్జం తినబెట్టిన తమ్మీ, గందుకే" అన్నడు. నేను ఇంట్లోకి పోయి గాలం కర్రలు మూలకు ఇసిరేసిన.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. ఆయన హారన్ గల్లీ మొగదల్లో వినపడంగనే పెద్దది ఆరడుగుల గోడ (మా ఆవిడ నాలుగంటది) దుంకి పోయేది. నాకు పోబుద్ధి అయ్యేది కాదు, ఇంట్లో ఉండబుద్ధి అయ్యేది కాదు. ఒకరోజు క్లాసులో వ్యాసార్ధం అనబోయి వ్యానార్ధం అన్న.

ఇంక లాభం లేదు, నేను కూడా వ్యాను కొనాలె. ఉత్త వ్యాను కాదు. ఆయనదానికన్నా కనీసం జానెడు పొడుగుండాలె.

ముందు ఆయనది ఎంతుందో తెల్వాలె గదా. వాళ్ల బిడ్డ పుట్టినరోజు దావత్‌కు పోయినప్పుడు, అందరూ కేకు చుట్టూ చేరి చప్పట్లు కొడుతుంటే నేను మా ఆవిడ కుట్టుమిషను టేపు జేబులో పెట్టుకొని వ్యానులో దూరిన. మోకాళ్ల మీద పాకుకుంట సీటు కిందికెల్లి కొలుస్తుంటే వెనకనుంచి గొంతు.

"ఏం తమ్మీ, ఏం పడ్డది?"

"గుండీ అన్నా."

"అంగీకి అన్ని గుండీలు ఉన్నయి గదా."

"ప్యాంటుది."

ఆయన నా ప్యాంటు దిక్కు చూసి, మర్యాదగా ఇంట్లోకి పోయిండు. నా పరువు పోయింది గాని కొలత దొరికింది.

తర్వాత కుక్కల కొలతలు. నిలబడ్డ కుక్కను కొలిస్తే ఏం ఫాయిదా లేదు, అది బండిలో పండుకుంటది గదా. అవి నిద్రపోయేటప్పుడు చుట్టూ పాత పేపర్లు అతికించి, దర్జీ అంగీకి నమూనా తీసినట్టు, రెండు కుక్కల నమూనాలు కత్తిరించిన. పెద్దదానికి ఏడు పేపర్లు పట్టినయి. ఆ కాగితం కుక్కల్ని మడతపెట్టి సంచిలో వేసుకొని, నిజం కుక్కల్ని గూడ వెంటబెట్టుకొని భాయ్ దగ్గరికి పోయిన.

భాయ్‌ది హైవే మీద షెడ్డు. పాత బండ్లు కొంటడు, బాగుచేసి అమ్ముతడు. నా స్కూటరుకు దవాఖాన ఆయనే. మొదట ఒక జీపు చూపించిండు. కాగితం కుక్కల్ని పరవకముందే నిజం కుక్క, చిన్నది, కుడి దిక్కు ఎక్కి ఎడమ దిక్కు దిగిపోయింది. తర్వాత పొడుగు కారు ఒకటి. వెనక సీటు తీసి పరిస్తే పెద్దదాని తోక బయటికొచ్చింది.

"తోక జర మడిచిపెట్టుకొమ్మను సారూ," అన్నడు భాయ్.

"సంతోషమైతే ఎట్ల మడుస్తది భాయ్?"

భాయ్ నా మొకం చూసి, షెడ్డు వెనకకు తీసుకపోయిండు. అక్కడుంది అది! పదేండ్లు ఒక బేకరీకి బన్నులు మోసిన వ్యాను. ఎంత ఎత్తంటే లోపల నిలబడి ధోవతి కట్టుకోవచ్చు. తలుపు తీయంగనే పదేండ్ల బన్నుల వాసన. కుక్కలు రెండూ ఎగిరి ఎక్కి నేల నాకుడు షురూ చేసినయి. కాగితం కుక్కల్ని పరిచిన. రెండూ హాయిగ పండుకున్నయి, ఇంకా ఒక గాలం సంచికీ, నాకూ జాగా మిగిలింది. టేపు పెట్టిన. షడ్డకునిదానికన్నా సరిగ్గా జానెడు పొడుగు.

"ఇదే ఖాయం," అన్న.

"ఇంజన్ సూడవా సారూ?"

"ఇంజన్ల కుక్కలు కూసుంటయా భాయ్?"

"ఇరవై ఏండ్లసంది బండ్లు అమ్ముతున్న. కాగితం కుక్కల్ని పరిచి బండి కొన్నోన్ని సూడలే," అని భాయ్ దండం పెట్టిండు.

బన్నుల బండి గదా, వెనక కిటికీలు లేవు. గాలికోసం రెండు పక్కలా రేకు కోయించిన. కోయించినంక భయం పట్టుకుంది. ఆయన బండి ఎదురైతే పెద్దది కిటికీలకెల్లి దుంకి పోతే?

"భాయ్, కిటికీలకు ఇనుప జాలి కొట్టు. వెనక తలుపుకు గూడ. దుమ్ము రాకుండ."

"జాలిలకెల్లి దుమ్ము రాదా సారూ?"

"చెప్పింది చెయ్యి భాయ్."

కొట్టిండు. రంగు ఏదని అడిగితే, నీలం తప్ప ఏదైనా సరే అన్న. షెడ్డులో బూడిద రంగు మిగిలుండె, అదే పూసిండు. ఇంటికి తెస్తే మా ఆవిడ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి "కోళ్ల గంపకు చక్రాలు పెట్టినట్టుంది," అన్నది. ఆమె వాళ్ల అక్కను చూసి కుళ్లుకునే తీరు తెల్వని మనిషి, ఆమెకు బండ్ల సంగతి ఏం తెలుస్తది! నేను మాత్రం వారం రోజులు స్టాఫ్‌రూంలో, కిరాణా దుకాణంలో, ఎవరు అడిగినా అడగకున్నా "మా కుక్కల బండి, మా కుక్కల బండి" అని చెప్పుకుంట తిరిగిన. నా కుక్కలకోసం కొన్న బండి, ఇంకేమనాలె?

ఆ వచ్చే ఆదివారం కోస్గిలో మా అత్తగారింట్లో దావత్. షడ్డకుడు కూడా వస్తడు. అత్తమామల ముందర, బామ్మర్దుల ముందర రెండు బండ్లు పక్కపక్కన నిలబడాలె, పెద్దది నా బండిలకెల్లి దిగాలె. అది చూస్తే చాలు, తర్వాత నా ప్రాణం పోయినా ఫికర్ లేదనుకున్న.

కోస్గికి పోయేసరికి వారం అంగడి జోరుమీదుంది. అత్తగారింటికి దగ్గరి దారి వేరే ఉన్నా, నేను అంగడి నడుమకెల్లే పోనిచ్చిన, పెండ్లి ఊరేగింపంత నిమ్మలంగ, హారన్ కొట్టుకుంట. జనం పక్కకు జరిగిన్రు. నా బండిని చూసి మాటలు ఆపిన్రు. ఒకాయన తక్కెడల ఉల్లిగడ్డలు జోకేది ఆపి నిలబడ్డడు. అందరూ కుళ్లుతున్నరని నాకు ఎంత ఆనందమయిందో! కుక్కలు కూడా నా బండి వైభవం చూడలేక సందుల్లోకి ఉరుకుతున్నయి. ఒక అవ్వ తన కుక్కపిల్లను కొంగులో దాచుకుంది.

ఇంతలో ఒకాయన బండికి అడ్డం వచ్చిండు. చేతిలో తాడు, తాడు చివర ఎర్రకండ్ల కుక్క ఒకటి.

"సారూ, ఇది కుక్కల బండే గదా?"

నా రొమ్ము ఉబ్బింది. ఇంజను బంద్ చేసి కిందికి దిగి, అంగీ సర్దుకొని చెప్పిన. "అవు. కుక్కల బండే. స్పెషల్‌గ చేపిచ్చిన."

"సల్లగుండు సారూ. ఇది మా గల్లీల పోయేటోళ్లనల్లా కరుస్తాంది. తీస్కపో." అని తాడును డ్రైవరు తలుపు పిడికి కట్టి, చేతులు దులుపుకొని పోయిండు.

అప్పుడు నాకు సగం అర్థమయింది. మిగిలిన సగం జనమే చెప్పిన్రు. "పొద్దుగాలసంది తిరిగి రెండే పట్టినవా?" అని ఒకడు. "మా మజీదు దిక్కు నాలుగున్నయి, జర అటు రా సాబ్," అని ఇంకొకడు. కుక్కపిల్లను దాచుకున్న అవ్వ మాత్రం "నీ చేతులిరగ, మూగజీవాల్ని చంపి ఏం బాగుపడ్తవురా!" అని శాపాలు పెట్టింది. మా ఆవిడ ముందు సీట్లో కొంగు మొకం మీద కప్పుకొని, పక్క తలుపు తీసుకొని దిగి, ఈ మనిషెవరో తనకు తెల్వనట్టు గాజుల దుకాణం ముందర నిలబడ్డది.

సరిగ్గా అప్పుడే హారన్. నాకు ఆ హారన్ నిద్రలో కూడా గుర్తే. పెద్దది లేచి జాలికి తల కొట్టుకుంట ఏడ్చిన ఏడుపు ఉంది చూడండి, కొడంగల్ దాకా వినపడి ఉంటది. జనం "అయ్యో" అన్నరు.

షడ్డకుడు నీలం బండి దిగిండు. బండి చూసిండు, జాలి చూసిండు, జనాన్ని చూసిండు, అంతా సమజయింది ఆయనకు. ఈయన నా తోడల్లుడని ఒక్క మాట చెప్తే నేను బతికిపోదును. మొకం మీద నవ్వనేది లేకుండా, ఎవరో తెల్వని మనిషిని అడిగినట్టు అడిగిండు.

"ఏం సారూ, ఆ తెల్ల కుక్క నాది. ఎందుకు పట్టినవ్? ఇడువు."

"అది నాది!" అని అరిచిన. "నా కుక్క అది. చిన్నప్పటిసంది నేను సాదిన!"

అవ్వ ముందుకొచ్చింది. "నీదైతె జాలీల ఎందుకు పెట్టినవ్ రా?"

వెనక తలుపు తీసిన. పెద్దది నా భుజం మీదికెల్లే దుంకి నీలం బండి ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. జనం చప్పట్లు కొట్టిన్రు. షడ్డకునికి ఇద్దరు దండం పెట్టిన్రు. నా కుక్కను నానుంచి కాపాడినందుకు!

జనం కొంచెం పలచబడినంక ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగ అన్నడు. "నవ్వులకన్న తమ్మీ. తీస్కపో నీ కుక్కను." పోయి దాని మెడపట్టీ పట్టి గుంజిండు. అది కదలలే. మూతి కిటికీకెల్లి బయట పెట్టి, కండ్లు మూసుకొని, అంగడి గాలి మొత్తం పీలుస్తుంది. కార్జం ముక్క లేదు, ఏం లేదు. అద్దం కిందికి దించి ఉంది, అంతే. నా బండి జానెడు పొడుగు, గాని మూతి బయట పెట్టేంత సందు నేనే మూయించిన.

అప్పటికే మా ఆవిడ చిన్నదాన్ని సంకలో వేసుకొని వాళ్ల అక్క పక్కన నీలం బండిలో కూర్చుంది. నా బండి నేను ఎక్కుదామంటే డ్రైవరు తలుపుకు కట్టిన ఎర్రకండ్లది పండ్లు చూపించింది. అది కట్టినాయన సాయంత్రం వచ్చి తిట్టుకుంట విప్పుకపోయేదాకా ఊర్లో ఎవరూ ఆ బండి దగ్గరికి పోలే.

ఇంక నీలం బండే ఎక్కిన. ఆ సీటు మెత్తగుంది. ఫంక గాలి సక్కగ మెడ మీదికే వస్తుంది. ఏదన్న ఒక్క వంక దొరుకుతదేమోనని కుట్లు వెతికిన, రేకు తట్టిన, తలుపు రెండుసార్లు తోసి చూసిన. జర్రున జారింది. బాగలేకుంటే ఎంత బాగుండు!

"జర జరుగు తమ్మీ," అన్నడు షడ్డకుడు అద్దంలోకెల్లి. "అది కిటికీ కాడ కూసుంటది."

జరిగిన. పెద్దది నా తొడ మీద వెనక కాళ్లు పెట్టి, నన్ను పీట లెక్క వాడుకొని, తల ఇంకా బయటికి పెట్టింది. దాని ఊపిరంతా కోస్గికే పోతుంది. నాకు తోక మాత్రం వచ్చింది, మొకం మీద, ఎడాపెడా.

అత్తగారిల్లు వచ్చింది. అందరూ దిగిన్రు. షడ్డకుడు అద్దాలు ఎక్కిస్తుంటే నేను పక్కన నిలబడ్డ. అడగొద్దని నాలుక పట్టుకున్న, అయినా అడిగిన.

"వచ్చే ఆదివారం ఎన్నిటికి పోతున్నవ్ అన్నా?"

"ఆరిటికి. నీ బండి తేకు. ఊరోళ్లు కుక్కల్ని దాస్కుంటరు."

ఆ ఆదివారం నేను ఐదున్నరకే గాలాలు పట్టుకొని వాకిట్లోకొచ్చిన. పెద్దది ఐదింటిసందే అక్కడ నిలబడి ఉంది.