వరస మారిన పొడి

ల్యాబులో అందరూ ఆమెను పొయ్యక్క అంటారు. ఆమె పొయ్యి మైక్రోవేవ్. వండేది మాత్రం ఎవరి నోటికీ పనికిరాదు. రాగి ఉప్పునూ తగరం ఉప్పునూ ద్రావకంలో కరిగించి, గాజుగొట్టంలో పోసి, మూత బిగించి లోపల పెడుతుంది. కాసేపట్లో అడుగున నల్లటి పొడి దిగుతుంది. చూడ్డానికి ఉత్త మసి. కానీ దాని ఒక్కో రేణువులో రెండు లోహాల పరమాణువులూ వరస తప్పకుండా కూర్చుని ఉంటాయి. అది ఏ వరసో ఎక్స్-రే యంత్రం గీసిన గీతలో లేచే శిఖరాలు చెబుతాయి.

ఆ పొయ్యి దగ్గరే ఆమె తల నెరిసింది. పెళ్లి మాట ఎత్తకుండా తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, తన పనే నేర్పింది. అతనిప్పుడు ఊరి అవతల మరో ల్యాబులో ఇదే పొడి చేస్తున్నాడు. ఆదివారం వాళ్లింటికి వెళ్లి మేనకోడలికి జడ వేయడం కోసమే ఆమె వారమంతా బతికేది.

ఒకరోజు శిఖరాలు కొత్త చోట లేచాయి. ఎవరూ ఎరగని వరస. ల్యాబు పెద్దాయన సంబరపడిపోయాడు. తమ పనికి కావలసిన పాత వరస మళ్లీ రాకపోయేసరికి ఆ సంబరం కాస్తా దిగిపోయింది. గొట్టాలు పారేశారు, ద్రావకం మార్చారు, చివరికి గదే మార్చారు. ఊహూఁ. గిన్నెడు పాలు తోడుకోవడానికి చుక్క మజ్జిగ చాలు కదా, అలాగే కొత్త వరస రేణువు ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చి పడి మొత్తాన్నీ తన వరసకే తిప్పుకుంటోందన్నారు. ఆమె సెలవు పెట్టిన రోజున పాత వరసే వచ్చింది.

అప్పట్నుంచి ల్యాబులో వాళ్లు ఆమె వస్తుంటే కాస్త పక్కకు జరిగేవారు, అంతే. ఆమెకు తన ఒళ్లంటేనే భయం పట్టుకుంది. తలంటుకుంది, గోళ్లు తీసుకుంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, బట్టలన్నీ పారేసి కొత్తవి కొనుక్కుంది. పొడి మాత్రం తన పంతమే నెగ్గించుకుంది.

"కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమ్మా," అన్నాడు పెద్దాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆదివారం తమ్ముడింట్లో ఈ గోడు వెళ్లబోసుకుంది. అతను నవ్వి, "పొడి మనిషిని అంటిపెట్టుకుని తిరుగుతుందా అక్కా ఎక్కడైనా? వాళ్లకి చేతకాక నీ మీద పెడుతున్నారు," అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తీరిగ్గా జడ వేసింది.

రెండ్రోజులకు తమ్ముడు వచ్చాడు. గుమ్మం పట్టుకుని బయటే నిలబడ్డాడు.

"మాదీ మారిపోయింది."

"నేను మీ ల్యాబు గడప తొక్కలేదు కదరా."

"తొక్కలేదు. నువ్వు జడ వేసిన రాత్రి పిల్ల నా పక్కన పడుకుంది."

ఆమె అలవాటు కొద్దీ అతని చెంప నిమరబోయింది. అతను వెనక్కి తగ్గాడు. తగ్గినందుకు సిగ్గుపడి తల దించుకున్నాడు.

"ఎన్నాళ్లు రాకూడదురా?"

అతను గుమ్మం మీది చేతిని తీసి వెనక్కి పెట్టుకున్నాడు. తమ్ముడి ఉద్యోగం ఆమెకు తన ప్రాణం కంటే ఎక్కువ.

"గుమ్మం పట్టుకున్నావు. ఇంటికెళ్లాక స్నానం చేసి గాని పిల్లనెత్తుకోకు," అని, తలుపు తనే వేసేసుకుంది.