ఇంజను ఆగేలోపు

మా మిల్లులో చెయ్యి పోగొట్టుకున్న మనిషి గురించి ఊళ్ళో ఇప్పటికీ ఒక మాట చెబుతారు, ఆమె చీర కొంగు చక్రంలో చిక్కుకుందని. అది తప్పు. ఆమె కొంగు నడుముకు బిగించి దోపుకున్నాకే పనిలోకి దిగేది. బెల్టు లాక్కున్నది కుడి చేతినే. 1951 మాఘమాసం, శుక్రవారం సాయంత్రం. కొత్త ధాన్యం మిల్లుకు వస్తున్న రోజులు.

మిల్లు అంబాజీపేట వెళ్ళే దారిలో కాలవ గట్టున ఉండేది. మా మావగారు పెట్టించారు. ఆయన తర్వాత మా ఆయన చూసుకునేవారు. ఆయిలింజను ఒక గదిలో ఉండేది. అక్కడినుంచి గోడ కన్నంలోంచి పొడుగాటి బెల్టు వచ్చి బియ్యం ఆడే మిషన్ను తిప్పేది. చెరగడానికి, ఊడవడానికి ఆడవాళ్ళు వచ్చేవారు. నేను రోజూ పొద్దున వెళ్ళి, వచ్చిన ధాన్యమెంత, అయిన బియ్యమెంత అని చూసుకుని వచ్చేదాన్ని.

ఆ శుక్రవారం ఆమెను ఎడ్లబండి మీద అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. చెయ్యి మణికట్టు దాకా తీసేశారని మర్నాడు కబురు వచ్చింది. కబురు వచ్చిన పూటే ఆమె చెల్లెలు చీపురు పట్టుకుని మిల్లులో అదే చోట నిలబడి ఉంది.

"అక్క బదులు నేనొచ్చేనండి అమ్మగారూ. పొయ్యి వెలగాలి కదండీ" అంది.

ఇదెలా జరిగిందని మా ఆయన్ని అడిగాను.

"అజాగ్రత్త. తిరుగుతున్న బెల్టు కింద చెయ్యి పెడితే ఏమవుద్ది? నువ్వెందుకే బుర్ర పాడుచేసుకుంటావు?" అన్నారు.

ఇంజను డ్రైవరును అడిగాను.

"ఆయ్, నేనప్పటికే ఆయిలు కట్టేసేనండి. బెల్టు నెమ్మదించింది కూడానండి. అప్పుడు పెట్టిందండి చెయ్యి. ఇందులో నా తప్పేం లేదండి" అన్నాడు.

అక్కడే నాకు కూడిక తప్పింది. ఏళ్ళ తరబడి ఆ బెల్టు పక్కన పనిచేసిన మనిషి, రోజంతా పెట్టని చెయ్యి, ఇంకాసేపట్లో ఆగిపోతుందనగా ఎందుకు పెట్టినట్టు? లెక్క తేలకపోతే మళ్ళీ మొదటినుంచి కూడడం నా అలవాటు.

సోమవారం సాయంత్రం వెళ్ళి బస్తాల మీద కూర్చున్నాను. నన్ను చూసి ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. కాసేపటికి నేనున్న సంగతి మరిచిపోయారు.

"ఏంటే, తవుడు పూసుకుని పెళ్ళికూతుర్లా తయారయ్యేవు?" అంది ఒకామె పక్కామెతో.

"నీ మొగుడికి చెప్పు, వచ్చి చూసెళ్తాడు."

"వాడికి ఊకకీ తవుడుకీ తేడా తెలిస్తే కదా!"

చెల్లెలు మాత్రం నవ్వలేదు. ఆమె చెవి ఇంజను గది వైపే ఉంది.

ఇంజను మోత మారింది. అప్పటిదాకా గబగబా కొట్టుకున్నది దగ్గినట్టయి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. అంతే, ఆడవాళ్ళందరూ చేటలు వదిలేసి ఒక్కసారిగా బెల్టు వైపు పరుగెత్తారు. బెల్టు ఇంకా తిరుగుతూనే ఉంది. దాని కిందికి ఒంగి, రాలిన నూకలు చీపుళ్ళతో లాక్కుంటున్నారు. చీపురు అందని చోట చేత్తో. గోడ పక్కన బెల్టు బాగా కిందికి దిగుతుంది. అది అక్క చోటు. చెల్లెలు అక్కడే ఉంది. "లే! ఇవతలికి రా!" అని నేను అరిచిన అరుపు ఆ మోతలో నాకే వినబడలేదు.

చక్రం ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళు వెనక్కి జరిగారు. గుమాస్తా వచ్చి మిగిలిన నేలంతా ఊడ్పించి, ఆ నూకలు మిల్లు బస్తాలో పోయించాడు.

వాళ్ళను కూర్చోబెట్టి అడిగాను. అందరిలోకి పెద్దామె చెప్పింది.

"మీ మావగారి నాటి కట్టుబాటండి. ఇంజను తిరుగుతుండగా ఊడ్చుకున్నది ఊడ్చినోళ్ళదండి. ఆగేక నేల మీదున్నది మిల్లుదండి."

"అయితే పగలే ఊడ్చుకోవచ్చు కదా?"

"పగలు జోరు మీదుంటదండి, దాని కిందకి ఎవరెళ్తారండి? నెమ్మదించేక, ఆగేలోపు, ఆ కాసేపే మాదండి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే అసలు ఊడవొద్దంటారండి. పిల్లల గంజికి ఆ గుప్పెడు నూకలూ లేకుండా పోతాయండి. ఆస్పత్రిలో ఉన్నామె కూడా చెప్పొద్దనే కబురెట్టిందండి."

చెయ్యి పోయిన మనిషి తప్పంతా తనమీదే వేసుకుని పడుకుందన్నమాట. నేను మా ఆయనకు చెబితే వీళ్ళ నూకలు పోవచ్చు. చెప్పకపోతే రేపు సాయంత్రం మళ్ళీ ఇదే పరుగు. నూకలు పోనివ్వనని మాటిచ్చాను. అప్పుడు పెద్దామె తలూపింది కానీ, నా మాట మీద ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు. నాకూ లేదు.

ఆ రాత్రి ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను.

"అయితే ఊడవడమే మాన్పించేస్తాను. పీడా పోతుంది" అన్నారు.

"మానరు. మీ కంటపడకుండా ఊడుస్తారు. ఆగాక ఊడవనివ్వండి, ఊడ్చింది వాళ్ళదే అనండి."

"ఆగాక నేల మీదున్నది మిల్లు సొమ్ము. అది నాన్నగారు పెట్టిన మాట."

"ఆమె చెయ్యి తీసింది ఆ మాటేనండీ."

ఆయన సగం అన్నంలో లేచిపోయారు. మర్నాడు సాయంత్రం మాత్రం తానే వెళ్ళి మిల్లులో నిలబడ్డారు. ఇంజను మోత మారగానే ఆ పరుగు కళ్ళారా చూశారు. తెల్లారాక గుమాస్తాను పిలిచి, చక్రం ఆగేదాకా ఎవరూ కదలకూడదని, ఆగాక బెల్టు కింద ఉన్నది ఊడ్చినవాళ్ళదేనని చెప్పారు. బెల్టుకు అడ్డంగా తాటిపట్టెలతో కంచె కట్టించారు.

ఆ వారంలోనే కాకినాడ నుంచి ఫ్యాక్టరీల ఇనస్పెక్టరు గారు వచ్చారు. కంచె చూసి బాగుందన్నారు. ప్రమాదానికి కారణమేమిటని అడిగితే మా ఆయన, "పనిమనిషి అజాగ్రత్తండి" అన్నారు. గుమ్మం అవతలినుంచి నేను, "కాదండీ" అన్నాను. ఇనస్పెక్టరు గారు నా వైపు చూశారు. మా ఆయన వైపు చూశారు. అప్పటికే రాసేసింది కొట్టెయ్యలేదు.

చైత్రంలో ఆమె మిల్లుకు వచ్చింది. కుడి మణికట్టుకు పాత గుడ్డ చుట్టి ఉంది. గుమ్మం దగ్గర నా పక్కనే సాయంత్రం దాకా కూర్చుంది. ఇంజను మోత మారగానే చప్పున లేచింది. మిగిలినవాళ్ళు కదల్లేదు. కంచె ఇవతల చీపుళ్ళు పట్టుకుని చక్రం వంక చూస్తూ నిలబడ్డారు. అది పూర్తిగా నిలిచాక నింపాదిగా లోపలికి వెళ్ళారు.

"ఇప్పుడు చక్రం నిలిచేదాకా ఉంటున్నారాండీ?" అంది.

"ఉంటున్నారు."

"ఊడ్చింది?"

"వాళ్ళదే."

ఆమె ఆగిన బెల్టు వంక చూసింది.

"ఇంతేనాండీ చెయ్యాల్సింది" అంది.

ఆమె ఎడమచేత్తో ఒక చీపురు అందుకుని గోడ పక్కకు, తన చోటుకు వెళ్ళింది. చెల్లెలు పక్కకు జరిగి దారిచ్చింది.