రేకులు తీసేసిన ఇంజను

1997 ఫిబ్రవరిలో నన్ను తిరుపతి నుంచి చిత్తూరులోని ఒక పాలిటెక్నిక్‌కు ఆటోమొబైల్ వర్క్‌షాపు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. విద్యార్థులకు చేతిపని అలవడాలని అక్కడ బయటి బండ్లు కూడా తీసుకునేవాళ్లం. ప్రతి బండికీ ఒక జాబ్ కార్డు ఉండేది. ఏం విప్పాలో, ఏం మార్చాలో ఫోర్‌మన్ అందులో రాయాలి, మెకానిక్ చేయాలి. మెకానిక్ మస్తాన్ వయసులో నాకన్నా పదేళ్లు పెద్ద, హోదాలో రెండు మెట్లు కింద.

ఏప్రిల్‌లో పలమనేరు నుంచి దొరస్వామి అనే రిటైరైన హెడ్మాస్టరు ఒక పాత జర్మన్ కారు తెచ్చారు. దాని ఇంజను వెనక ఉంటుంది. రేడియేటరు, నీళ్లు ఉండవు. ఫ్యాన్ తోసే గాలే సిలిండర్లను చల్లబరుస్తుంది. ఆ కారు ఆయన మామగారు కొన్నది. భార్య రుక్మిణమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు వేలూరు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించేవారు. బస్సు ఆమెకు పడదు. తిరిగొచ్చేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కుడు రోడ్డులో కారు మొదటి గేరులో పాకేది. ఆమె అంతసేపు కూర్చోలేకపోతోంది.

"ఎద్దులబండి గూడా మమ్మల్ని దాటుకోని పోతా ఉండాది సార్. దీనికి కొంచెం బలం పట్టించండి" అన్నారు మాస్టారు.

నాకు ఉత్సాహం వచ్చింది. పెద్ద పిస్టన్లు, అవి లోపల ఆడే గొట్టాల్లాంటి బ్యారెళ్లు మద్రాసు నుంచి తెప్పించాను. కార్బురేటరు కూడా పెద్దది వేశాను. ఇంజను తిరిగి బిగిస్తుండగా మస్తాన్ కొన్ని వంకర రేకులు చూపించాడు. సిలిండర్ల మధ్యన, అడుగున ఉండేవి అవి.

"ఇవి యాడివి ఆడ బిగించేదా సార్?"

వద్దన్నాను. గాలితో చల్లబడే ఇంజనుకు గాలి బాగా తగలాలి, రేకులు అడ్డం కదా అన్నది నా లెక్క.

"కంపెనీవోడు పనిలేక పెట్టినాడా సార్?"

"ఎండాకాలం ఈ షెడ్డు కింద ఉడికిపోతా ఉండావు గదప్పా. రేకు కప్పితే సల్లగుంటాదా?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మస్తాన్ కూడా నవ్వాడు. "మీరు సెప్పినాక సరే" అన్నాడు. జాబ్ కార్డులో రేకుల ఎదురుగా 'అవసరం లేదు' అని రాసి సంతకం పెట్టాను.

ఒక ఉదయం నేనే ఘాట్ ఎక్కించి చూశాను. మూడో గేరులో ఎక్కింది. ఆ వారమే మాస్టారు భార్యను తీసుకుని వేలూరు వెళ్లారు. మధ్యాహ్నం రెండు దాటాక ఒక లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. ఘాట్ సగంలో ఇంజను పట్టేసి కారు ఆగిపోయింది.

జీపులో మస్తాన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. రుక్మిణమ్మ రోడ్డు పక్క బండరాయి నీడలో చీర కొంగు తలమీద కప్పుకుని కూర్చుని ఉంది. రక్తం శుద్ధి చేయించుకున్న చేతికి కట్టు అలాగే ఉంది. నేను ఏదో చెప్పబోయాను.

"మా నాయన తోలేటప్పుడు మెల్లిగా పోయినా ఇంటికి సేర్సేదప్పా" అంది. కోపంగా కాదు.

ఆమెను జీపులో ఇంటికి చేర్చి, కారును కట్టి లాక్కొచ్చాం. విప్పితే మూడో సిలిండరులో పిస్టన్ బ్యారెల్‌కు అతుక్కుపోయి ఉంది. ఫ్యాన్ గాలి సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల సందుల్లోంచి చుట్టి వెళ్లేలా నడిపించేవి ఆ రేకులే. అవి లేకపోతే గాలి దగ్గరి దారిన కిందికి జారిపోతుంది. నేను నడిపిన ఉదయపు చల్లదనంలో తెలియనిది మధ్యాహ్నపు ఎండలో బయటపడింది. నేను వద్దన్న రేకులను, పాత పిస్టన్లను, బ్యారెళ్లను, కార్బురేటరును మస్తాన్ గోనెసంచిలో కట్టి లేత్ వెనక దాచి ఉంచాడు. ఆ సంచి తెచ్చి నా ముందు పెట్టాడు.

అన్నీ పాతవే బిగించాం. వాల్వుల సందు, స్పార్క్ టైమింగ్ సరిచేశాక కారు రెండో గేరులో ఘాట్ ఎక్కింది. మొదటే ఆ పని చేసి ఉండవలసింది. ఆ తర్వాత రుక్మిణమ్మ పద్నాలుగు నెలలు అందులోనే వేలూరు వెళ్లి వచ్చింది. ఆమె పోయాక మాస్టారు కారు తీయలేదు. మస్తాన్ కూడా ఇప్పుడు లేడు.

హార్స్‌పవర్ పెంచితే వేడి పెరుగుతుంది, ఆ వేడి ఎటు పోవాలో ముందు చూసుకోవాలి. ఇది నేను తరగతిలో చెబుతూ వచ్చిన పాఠమే. ఆ తర్వాత సర్వీసులో ఉన్న పదకొండేళ్లూ, జాబ్ కార్డులో 'అవసరం లేదు' అని రాసే ముందు, ఆ భాగాన్ని విప్పినవాణ్ణి అడిగి రాశాను.