స్పీడ్ బంప్ మీద అనుమానం

రెండోసారి పిండాన్ని గర్భంలో పెట్టించుకుని బాతెల్‌లోని ఐవీఎఫ్ క్లినిక్ నుంచి ఇంటికొస్తున్న రోజు, మా ఆయన కారు నడిపిన తీరు చూడాల్సిందే. నా నడుము వెనక దిండు, కాళ్ల కింద దిండు. ఫ్రీవేలో హజార్డ్ లైట్లు వేసుకుని నెమ్మదిగా పోయేవాళ్ల కుడి లేన్ వదలలేదు. మమ్మల్ని స్కూల్ బస్సు కూడా దాటిపోయింది.

"డాక్టర్ చెప్పింది విన్నావా అసలు?" అన్నాను.

వినకేం. కుదుపుకి ఎంబ్రియో జారిపోతుందా అని అడిగిందే ఆయన. గర్భాశయం లోపలి పొర తగినంత మందంగా, సమయానికి సిద్ధంగా ఉండడమే ముఖ్యమని, కుదుపులకు జారిపోయేదేమీ లేదని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. పోయినసారి పొర కాస్త పలచగా ఉందట. ఈసారి మందులకు బాగా పెరిగిందట.

ఇండియాలో తెల్లారకుండానే లేచి ఫోన్ చేసిన మా అమ్మ ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "ఊరిన ఆవకాయలో ముక్కకంటుకున్న మెంతిగింజ జాడీ కదిపితే ఊడొస్తుందా, బాబూ?"

"రాదత్తయ్యా" అన్నాడు బుద్ధిగా.

తీరా మా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర స్పీడ్ బంప్ రాగానే కారు ఆపేశాడు.

"నువ్వు దిగి నడువు. అవతల ఎక్కించుకుంటా."

"ఇంకా నమ్మవా?"

"నమ్మాను. కానీ పోయినసారి దీని మీద కొంచెం స్పీడ్‌గా పోనిచ్చాను" అన్నాడు, స్టీరింగ్ వైపే చూస్తూ.

ఆ మొదటి పిండం నిలవలేదని ఏడాదిగా నా ఒంటిని నేను తిట్టుకుంటున్నాను. ఆయన ఈ బంప్‌ను మోస్తున్నాడని తెలియదు. దిగి నడిచాను.