కిష్టప్ప నాటిన వాక్కాయ కంచె

బొంరాస్‌పేట దగ్గర గొర్లు కాసుకుని బతికిన కిష్టప్ప, ఒక వానాకాలం రోగమొచ్చి మందలో సగం పోయాక మిగిలినవి అమ్మేసి, భార్య కాశమ్మతో తాండూరు చేరాడు. నాపరాళ్లకు పాలిష్ పట్టే పనిలో పదమూడేళ్లు ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుందని డాక్టరు చెప్పాక మానేశాడు.

పని మానినా దుమ్ము వదల్లేదు. ఇంటి ముందు రోడ్డు మీద రాళ్ల లారీలు తిరుగుతూనే ఉండేవి. వాకిలికి గోడ లేదు. అందుకని సొంతూరి గుట్టల్లో పండిన వాక్కాయలు ఏరుకొచ్చి, గింజలు ఆరకముందే పాల ప్యాకెట్లలో వేశాడు. మొక్కలు జానెడు ఎదిగాక వాకిలి పొడవునా నాటాడు. ఎండాకాలమంతా బియ్యం కడిగిన నీళ్లు పోశాడు. కొసలు తుంచుతూ గుబురుగా పెంచాడు.

నాలుగో ఏడు మాఘంలో చెట్ల నిండా తెల్లటి పూలొచ్చాయి. అప్పటికి అతనికి మంచం దిగడమే కష్టమైంది.

కాశమ్మకు పూల కంటే ఆకుల మీది దుమ్మే ఎక్కువ కనిపించింది. పక్కింటి ఇంద్రమ్మ, "గా చెట్లకు పట్టిన దుమ్మంత గాలికి ఇంట్లకే వస్తది. గందుకే దగ్గు తగ్గుతలేదు," అంది. మరునాడు అతను కునుకు తీస్తుంటే, కాశమ్మ గొడ్డలి తీసుకుని వరసంతా మోకాలెత్తుకు నరికేసింది. ముళ్లు గీరి చేతులు నెత్తురయ్యాయి.

సాయంత్రానికి లారీల దుమ్ము అడ్డం లేకుండా మంచం మీదికే వచ్చింది. కిష్టప్ప లేచి కూర్చుని మొదళ్ల వైపు చూశాడు.

"దగ్గుకు మంచిదనుకున్న," అంది కాశమ్మ.

"ఉండనీ. వాన పడితే మల్ల చిగురిస్తయ్."

ఆమె పాత చీరలు తడిపి గుమ్మానికి కట్టింది. ఆదివారం వికారాబాద్ హాస్టల్ నుంచి కూతురు పూజిత వచ్చి, చెట్లెవరు కొట్టారని అడిగింది. కాశమ్మ నోరు తెరిచేలోపే, "నేనే కొట్టమన్న బిడ్డా, ముండ్లు గుచ్చుకుంటున్నయని," అన్నాడు కిష్టప్ప.

రోహిణి కార్తెలో అతను పోయాడు. పదిహేను రోజులకు వానలు పడి మొదళ్లు చిగురించాయి. కాశమ్మ వాటిని రెండేళ్లు కత్తి తగలకుండా కాపాడింది. రోజూ చెంబుతో ఆకుల మీద నీళ్లు చల్లేది.

మూడో ఏడు కాయలు కాశాయి. సెలవులకొచ్చిన పూజిత వాక్కాయ పప్పు చేసి తల్లికి వడ్డించి, తనూ పళ్లెం పెట్టుకుంది.

"నాయిన గప్పుడు కొట్టియ్యకుంటే, ఒక్కసారన్న తింటుండె," అంది.

కాశమ్మ ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "మీ నాయిన కొట్టమనలే. నేనే కొట్టిన."

పూజిత తన పళ్లెం పక్కకు జరిపింది. "మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"ఆయన మాట అబద్ధమైతదని."

ఆ పూట ఇద్దరూ అన్నం సగంలోనే లేచారు.