కోకాపేటకు ఒంటి చెప్పుతో

రిటైరయ్యాక ఇంట్లో తోచక, బోరబండలో విరాళాలతో నడిచే ఓ చిన్న పత్రికకు జీతం లేకుండా రాయడం మొదలుపెట్టాను. అక్కడొక పద్ధతి ఉంది. వార్త అచ్చుకు వెళ్లేముందు, ఆదివారం పొద్దున రైల్వే స్టేషన్ దగ్గర చాయ్ బండి ముందు నిలబడి, అది ఎవరి గురించో వాళ్లకే చదివి వినిపించాలి.

నా మొదటి వార్త, కోకాపేటకు హౌస్‌కీపింగ్ పనికి వెళ్లే ఆడవాళ్ల బస్సు గురించి. "బస్సు ఉదయం ఆరింటికి స్టాపుకి వస్తుంది" అని చదివానో లేదో, ఆ బస్సులోనే వెళ్లే లక్ష్మమ్మ లేచింది.

"మేడం, నువ్వెప్పుడన్న ఆ బస్సెక్కినవా?"

"లేదండీ. టైంటేబుల్ చూసి రాశాను."

అందరూ గొల్లున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఫికర్ చెయ్యకు. రేపు నాతోని రా" అంది లక్ష్మమ్మ.

మర్నాడు బస్సు ఆరింటికే వచ్చింది. కానీ స్టాపులో ఆగకుండా ముందుకు పోయి కాస్త నెమ్మదించింది.

"ఉరుకు మేడం! ఇది పోతే లేటైతది, ఆఫీసు గేటు కాడికెంచే వాపస్ పంపుతరు" అంటూ లక్ష్మమ్మ నా చెయ్యి పట్టి పరుగెత్తించింది. లోపలివాళ్లు నన్ను లాగేశారు. నా ఎడమ చెప్పు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం నా వార్త ఆ చెప్పుతోనే మొదలైంది. "ఇగ ఇది మా వార్త" అంది లక్ష్మమ్మ.

టైంటేబుల్ చూసి రాయడం ఆనాటితో మానేశాను. వార్త అచ్చయిన కొన్నాళ్లకు మళ్లీ లక్ష్మమ్మతో వెళ్తే, బస్సు స్టాపులోనే ఆగింది. "పేపర్ల రాసిన గా చెప్పు మేడం ఈమెనే" అని లక్ష్మమ్మ డ్రైవర్‌కి చూపించింది. ఆయన మొదట నా కాళ్లకేసి చూశాడు.

"నిమ్మళంగ ఎక్కు మేడం. రెండు చెప్పులు ఉన్నయా?"

– అన్నపూర్ణ, కొండాపూర్