పెన్‌డ్రైవ్ పెడితే పలకని కంప్యూటర్

టైపు అయ్యవారు నిద్రలోనే వెళ్లిపోయాడని పోయిన ఆదివారం మన చర్చి సంఘం వారపత్రంలో వేశారు. తప్పు. ఆయన పుంగనూరులో కూతురింట్లో, టిఫిను తిన్నాక, కళ్లద్దాలు తుడుచుకుంటూ పోయాడు. "కొంచెం నీళ్లు ఇస్తావా మా?" అని అడిగాడట. ఆ అమ్మాయి చెంబుతో వచ్చేసరికి అద్దాలు ఒళ్లో ఉన్నాయి, మనిషి లేడు.

రెండో తప్పు కూడా దిద్దుతాను. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఎర్ర సిరా లేకపోయినా చెయ్యి ఊరుకోదు. ఆయన్ను మితభాషి అని రాశారు. ఆయన అడిగితేనే మాట్లాడే మనిషి, అంతే. అడిగి చూసినవాళ్లకు తెలుసు, తప్పించుకోవడానికి బస్సు టైమైందని అబద్ధం చెప్పాల్సి వచ్చేది.

మదనపల్లెలో ఆయన దగ్గర టైపు నేర్చుకోని గుమాస్తా లేడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా పేరు మాత్రం టైపు అయ్యవారే. మా ఇంటాయనకు స్నేహితుడు. సైకిలు మీద వచ్చేవాడు. గేటు బయటే నిలబడి ఒక్కసారి గంట కొట్టేవాడు. ఒక్కసారే. ఎవరైనా బయటికి వస్తే లోపలికి, రాకపోతే వచ్చిన దారినే వెనక్కి.

"గేటు తీసుకుని రావచ్చు కదా అయ్యవారూ, మేమేమన్నా పులులమా?" అంటే, "పిలవకుండా దూరేదానికి నేనేమన్నా పిల్లినా టీచరమ్మా?" అనేవాడు.

మా ఇంటాయన చనిపోయిన ఏడాది జరిగింది చెప్పాలి. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు, మర్యాదకు ఎవరూ ఎత్తరు. నేనే ఎత్తుతాను.

అప్పట్లో మా ఇంట్లో ఉండేది ఒకటే పెన్‌డ్రైవ్. పెళ్లీ, చావూ, కరెంటు బిల్లుల నకళ్లూ అన్నీ అందులోనే. దాన్ని కంప్యూటర్‌కు పెట్టిన ప్రతిసారీ తెర మూలన ఒక చీటీ దూకేది: ఏం చేయమంటావు, తెరవమంటావా, ఆడించమంటావా అని. వంటింట్లో కోడలు కూడా అన్నిసార్లు అడగదు. ఒకరోజు విసిగిపోయి, దాని నోరు మూయించడానికి "ఆడించు" అన్నదాన్నే నొక్కాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. గెలిచాననుకున్నాను.

మా ఇంటాయన పోయాక మమ్మల్ని ఓదార్చడానికి చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో ఆయన ఫోటోలు తెర మీద చూపిద్దామన్నారు. నా కంప్యూటరూ నా పెన్‌డ్రైవూ తీసుకెళ్లాను. అయ్యవారు కూర్చుని పెన్‌డ్రైవ్ పెట్టాడు. పాస్టరుగారు బైబిలు తెరిచి నిలబడి ఉన్నారు. అంతే, హాలంతా పలక డప్పుల మోత! తెర మీద కుప్పంలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి ఊరేగింపు. తువ్వాలు నడుముకు చుట్టుకుని, డెబ్బై ఏళ్ల మా ఇంటాయన ఎగురుతున్నాడు.

"అయ్యో, ఆపండప్పా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

కుప్పం నుంచి వచ్చిన మా ఆడబిడ్డ ముందు వరసలో ఉంది. కళ్లు తుడుచుకుంటూనే నా వైపు తిరిగింది. "ఆపేది యాల? ఎగరనీ. బతికుండేటప్పుడు నువ్వు ఎగరనిచ్చినావా?"

అయ్యవారి చెయ్యి పెన్‌డ్రైవ్ మీదే ఉంది. అయినా పీకలేదు. అంత గోలలోనూ నా వైపు చూశాడు, తీసేదా అని. నేను తల ఊపాను. తీసేశాడు. గాల్లోకి లేచిన మనిషి నేల మీదికి దిగకముందే తెర నల్లబడింది.

ఆ తల ఎందుకు ఊపానా అని ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు గేటు దగ్గర గంట మోగింది. పిలిచాను. వచ్చి కూర్చున్నాడు.

"మిషను తప్పు కాదు టీచరమ్మా. మీరు ఒగసారి సరే అనినారు, అది ఎప్పటికీ సరే అనుకునింది."

"పెళ్లినాడు నేనూ అంతే అన్నాను. ఇప్పుడేం చేయాలో చెప్పండి."

నవ్వుతూ సెట్టింగుల్లోకి పోయి, ఆటోప్లే అనే చోట, అన్నిటికన్నా పైనున్న మీటను ఆపేశాడు. "ఇంక ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా ఇది నోరు మెదపదు. కావాలంటే మీరే పోయి తెరవాల. అడగనిదే పలికేది మనిషైనా మిషనైనా మనకొద్దు."

జేబులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి కుప్పం పెళ్లిని అందులోకి మార్చాడు. పాత టైపు మిషను రిబ్బను నుంచి ఎర్రటి ముక్క కత్తిరించి దానికి కట్టాడు. "ఇది పెళ్లిది. మళ్లా కలపొద్దండి."

"దీన్ని నేనెప్పుడు చూస్తానంటారు?"

"అది నన్నడిగితే? మీకే తెలుస్తాది."

తెలియలేదు. బీరువాలో పెట్టిన ఆ ఎర్ర ముక్కను చీరలు తీసినప్పుడల్లా చూడటం, తలుపు మూయడం. అంతవరకే నా ధైర్యం. తర్వాత వచ్చినప్పుడెప్పుడూ అయ్యవారు చూసినారా అని అడగలేదు. అడిగుంటే చూసేదాన్నేమో.

ఆఖరిసారి ఆయన వచ్చిన ఉదయం నేను వంటింట్లో మిక్సీలో ఊరుబిండి పచ్చడి వేస్తున్నాను. సాయంత్రం పక్కింటావిడ చెప్పింది.

"అయ్యవారు వచ్చి శానాసేపు నిలబడి పోయినాడు మా."

"నువ్వన్నా పిలవలేదా?"

"నేనెట్ల పిలిచేది? మీ ఇల్లు కదా!"

రేపో ఎల్లుండో మళ్లీ వస్తాడులే అనుకున్నాను. ఆయన మర్నాడే పుంగనూరు బస్సెక్కాడు. ఎందుకు వచ్చాడో, ఏం చెప్పాలనుకున్నాడో ఇక ఎవర్నీ అడగలేను. అడిగితే గంటసేపు చెప్పే మనిషి.

మొన్న ఆయన కూతురు ఫోన్ చేసింది. శనివారం ఆదరణ కూడిక. "నాయనవి అన్నీ సర్టిఫికెట్లకు దిగిన ఫోటోలే ఉండాయి పెద్దమ్మా. నవ్వేది ఒగటీ లేదు. మీ దగ్గరేమన్నా ఉండాదా?"

ఎక్కడ ఉందో నాకు తెలుసు. కుప్పం పెళ్లికి ఆయనా వచ్చాడు.

బీరువా తెరిచాను. ఎర్ర రిబ్బను రంగు వేలికి అంటింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. కంప్యూటర్ ఏమీ అడగలేదు. ఆ దిక్కుమాలిన చీటీ ఒక్కసారి దూకితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది. దూకలేదు. అయ్యవారు చేసిన పని గట్టిది. నేనే వెళ్లి తెరిచాను.

మా ఇంటాయన ఎగిరాడు, ఈసారి నేల మీదికి దిగాడు కూడా. "చాలు, రండి ఇంక!" అని వెనక ఒక ఆడగొంతు అరుస్తోంది. నాదే. పక్కన అయ్యవారు, మా ఇంటాయన చెప్పులు ఒక చేత్తో, కళ్లద్దాలు ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఇంటాయన చెయ్యి ఊపి "రా అయ్యవారూ!" అన్నాడు. అంతే, అయ్యవారు ఆ చెప్పులు చేత్తో పట్టుకునే దూకాడు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

నా మోకాళ్లు పుంగనూరు దాకా రావు. శనివారం పొద్దుటి బస్సుకు వెళ్లేవాళ్లెవరైనా శుక్రవారం సాయంత్రం లోపల మా ఇంటికొచ్చి ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. ఎర్ర ముక్క విప్పొద్దు. అక్కడ ఏ కంప్యూటరైతే వాడతారో, పెన్‌డ్రైవ్ పెట్టకముందే దాని ఆటోప్లే ఆపండి. ప్రార్థన అయ్యాక ఆయన కూతుర్ని అడగండి, చూద్దామా అని. ఆమె సరే అంటేనే తెరవండి. తెరిచాక మాత్రం ఎవరు అరిచినా మధ్యలో పీకొద్దు.

మా గేటు దగ్గర గంట కొట్టండి. నేను రాకపోతే మళ్లీ కొట్టండి, పేరు పెట్టి అరవండి, గేటు తీసుకుని లోపలికి రండి. లోపల మిక్సీ తిరుగుతుండొచ్చు. నిలబడి, నిలబడి వెళ్లిపోకండి.